మా గేట్ల దగ్గర మైకుకు గెయిన్ పెంచిన వైనం

ఆ రోజు పొద్దున మబ్బులు తూర్పు నుంచి పడమటికి పోతున్నాయి. వాన లేని పల్చటి మబ్బులు. సముద్రం వైపు నుంచి గాలి తోలుతుంటే ఒకదాని వెనక ఒకటి గేట్ల మీదుగా కొండల దిక్కుకు వెళ్ళాయి. ఏటి మీద పాతికేళ్ళుగా గేట్లు ఎత్తి దించే లస్కర్ని కాబట్టి నాకు ఒక సంగతి తెలుసు. మబ్బు ఎటు పోతే మాట అటు పోతుంది. నేను మైకులో చెప్పే మాట తూర్పుకు, ఏటి దిగువకు పోవాలి. ఆ రోజు పోదని తెలిసీ, డ్యూటీ ప్రకారం మైకు ముందు కూర్చుని, దిగువ చెరువులకు తాగునీళ్ళు వదులుతున్నామనీ ఇసకలో ఉన్నవాళ్ళు గట్టు ఎక్కాలనీ మూడుసార్లు చెప్పి, చక్రం తిప్పాను.

మధ్యాహ్నానికి మస్తానమ్మ వచ్చింది. ఎండాకాలం ఏరు ఎండితే, గేట్లకు కిలోమీటరు దిగువన ఇసకలో పాదులు తవ్వి కర్బూజ వేసే మనిషి. ఆమె, ఆమె మొగుడు సింగయ్య, ఒక మేక, ఒక తాటాకుల గుడిసె. పెంట తట్టలు నెత్తిన మోసి ఒక్కో పాదులో పోస్తారు. చలమ తవ్వి, చెంబుతో నీళ్ళు పోసి, పసిబిడ్డను సాకినట్టు సాకుతారు. ఆ పొద్దున నేను వదిలిన నీళ్ళకు రెండు వరసల పాదులు కొట్టుకుపోయాయి.

ఆమె తిట్టలేదు. కొంగులో నుంచి ఒక పచ్చి కాయ తీసి గేటు గది మెట్టు మీద పెట్టింది. దానికింకా తడి ఇసక అంటుకుని ఉంది.

"చెప్పానంటన్నావు. చెప్పే ఉంటావు. నీ గొంతు నా దాకా రాలా పేరన్నా. కాయ పండటానికి ఇంకో రెండు నెలల పొద్దు కావాల. ఈసారి నీళ్ళకి ముందు నాకు వినపడితే చాల, ఇంకేం అడగను."

సరే అన్నాను. నేను మాట్లాడేది తక్కువ. ఆమె వెళ్ళాక కాయను తీసి, కూర్చుంటే కనపడేటట్టు కిటికీలో పెట్టుకున్నాను.

మా మైకుసెట్టు తయారుచేసింది మండలం బజారులో రేడియోలు బాగుచేసే జిలానీ. చెక్కపెట్టెలో రెండు ట్రాన్సిస్టర్లు పెట్టి, బయట స్తంభానికి రెండు హారన్లు కట్టాడు. బిగించిన రోజునే మా శాఖవాళ్ళు పెట్టె మూతకు లక్కముద్ర వేశారు. అప్పటి నుంచి అది ప్రభుత్వ ఆస్తి అయింది, జిలానీ పరాయివాడయ్యాడు. కబురు చేస్తే మోపెడ్ వేసుకుని వచ్చాడు. పెట్టెకు చెవి ఆనించి, హారన్లలో నుంచి వచ్చే జుమ్మనే మోత కాసేపు విన్నాడు. పాత కరెంటు వైర్ల వల్ల ఆ మోత ఎప్పుడూ ఉంటుంది. నేను మాట్లాడినా ఉంటుంది, మాట్లాడకపోయినా ఉంటుంది.

"ట్రాన్సిస్టర్‌కి మూడు కాళ్ళన్నా," అన్నాడు. "ఎగరకుండా కింది కాలికి ఒక రెసిస్టెన్సు కట్టాం. దానివల్ల అదుపుంటది గానీ ఊపు తగ్గుద్ది. ఆ రెసిస్టెన్సు పక్కన ఒక కండెన్సర్ వేశామనుకో, మాటకి అడ్డం లేని దోవ దొరుకుద్ది. నీ గొంతు మూడింతలవుద్ది."

కండెన్సర్ చొక్కా జేబులోనే ఉంది. వేలి గోరంత ఉంది. ఐదు నిమిషాల పని అన్నాడు. కానీ లక్కముద్ర పగలగొట్టాలంటే ఉత్తర్వు కావాలి. అందుకని నా చేతిరాతతో అర్జీ రాశాను: గొంతు చాలటం లేదు, ఒక కండెన్సర్ వేయించవలసింది. అంతే రాశాను. దీని వల్ల ఏమీ కాదనుకున్నాను.

ఆ ఏడు మా శాఖలో కొలతల సంవత్సరం. "కొలవని పని పని కాదు" అని సెక్షన్ ఆఫీసు గోడ మీద పెద్ద గుడ్డ కట్టారు. గట్టు మీద గడ్డి పొడవు కొలిచేవాళ్ళం. గేటు గది నుంచి చక్రం దాకా నేను వేసే అడుగులు కొలిచేవాళ్ళం. నీళ్ళ మీద వాలే కొంగల్ని కూడా నెలకోసారి లెక్కపెట్టి పంపాలి. కిందటి నెల కంటే కొంగలు తగ్గితే సంజాయిషీ నేను రాయాలి. అలా మూడు రాశాను.

మా ఏ.ఈ. ప్రభంజనరావు గారు చెడ్డ మనిషి కాదు. ఎవరినీ కసురుకోవడం నేను చూడలేదు. కాకపోతే ఆయన మాట్లాడితే కాగితం చదువుతున్నట్టుంటుంది. నా అర్జీ అందిన మూడోరోజు స్వయంగా వచ్చి, జిలానీని పిలిపించి, గొంతు పెరగడాన్ని మీ విద్యలో ఏమంటారని అడిగారు. గెయిన్ అంటారన్నాడు జిలానీ. అది కొలవడానికి అవకాశమున్నదా అని ఏ.ఈ. గారు అడిగారు.

"ఎందుకు లేదు సార్. లోపలికి ఎంత పోయింది, బయటికి ఎంత వచ్చింది. దాన్ని దీంతో భాగిస్తే వచ్చేదే గెయిన్."

జిలానీ ఆ తర్వాత ఎన్నోసార్లు ఆ మాట అన్నందుకు తన నోటి మీద తానే కొట్టుకున్నాడు. ఏ.ఈ. గారు మాత్రం డైరీ తీసి దాన్ని రాసుకుని, కింద రెండు గీతలు గీశారు.

వారం తిరక్కుండా రెండు ముళ్ళున్న మీటరొకటి వచ్చింది. ఒక ముల్లు మైకు దగ్గర శబ్దానికి, ఒకటి హారన్ దగ్గర శబ్దానికి. దాంతోపాటు ఒక రిజిస్టరు. దాంట్లో మూడు గడులు: లోపలి శబ్దము, వెలుపలి శబ్దము, గెయిన్. నేను మామూలుగా మాట్లాడాను. లోపల రెండు, బయట నలభై. గెయిన్ ఇరవై అని రాశారు. రాబోయే వారాంతానికి నలభై సాధించాలని లక్ష్యం పెట్టారు.

కండెన్సర్ సంగతేమిటని అడిగాను. అది పైకి పంపామనీ, పరిశీలనలో ఉన్నదనీ, ఈలోగా అందుబాటులో ఉన్న వనరులతోనే అభివృద్ధి సాధించవలసి ఉంటుందనీ సెలవిచ్చారు. అందుబాటులో ఉన్న వనరును నేనే.

ఆ వారం నాకు జలుబు చేసింది. గొంతు బొంగురుపోయి మాట సగమే వచ్చేది. ఏ.ఈ. గారు వచ్చి మీటరు చూశారు. లోపల ఒకటి, బయట ముప్ఫై. నా మాట సగమైంది గానీ హారన్లో మోత తగ్గలేదు కదా, అందుకని బయటి అంకె అంతగా పడిపోలేదు. ఫోనులో భాగహారం చేసి చాలాసేపు దాన్నే చూస్తుండిపోయారు. గెయిన్ ముప్ఫై.

"పేరయ్యా, నువ్వు ఏమి చేశావు?"

జలుబు చేసిందన్నాను.

"దీనిని కొనసాగించవలసి ఉంటుంది," అన్నారు.

జలుబు ఐదురోజులకు తగ్గిపోయింది. ఆరో రోజు ఉత్తర్వు వచ్చింది. పెట్టెకు ఎక్కువ శబ్దం ఇవ్వడం వల్ల గెయిన్ కుంటుపడుతున్నదనీ, ఇకపై ప్రకటనకర్త లోపలి శబ్ద క్రమశిక్షణ పాటించాలనీ దాని సారాంశం. గుసగుసగా చెప్పాను. లోపల అర, బయట పాతిక. గెయిన్ యాభై. లక్ష్యం నలభై, సాధించినది యాభై. ఆఫీసులో మిఠాయిలు పంచారు. నాకూ ఒకటి పంపారు.

నీళ్ళు వదిలే రోజు వచ్చింది. మైకులో గుసగుసలాడి, సైకిలెక్కి గట్టు మీదుగా కిలోమీటరు వెళ్ళి, మస్తానమ్మకు నోటితో చెప్పి, వెనక్కొచ్చి చక్రం తిప్పాను. ఆమె, సింగయ్య ఏటి వైపు పాదుల చుట్టూ ఇసక కట్ట వేసుకున్నారు. మేకను గట్టుకు తోలారు. ఒక్క పాదు కూడా పోలేదు. ఆ సంగతి రాయడానికి రిజిస్టర్లో గడి లేదు.

మరునాడు ఇసకలోకి వెళ్తే, మైకు బాగుచేశారా అని మస్తానమ్మ అడిగింది. బాగుచేస్తున్నారన్నాను.

"బాగుచేసే కొద్దీ తగ్గిపోతందేంది పేరన్నా? ముందు గాలి లేనప్పుడన్నా కాస్త వినపడేది. ఇప్పుడు తుమ్మెద తిరిగినట్టు ఒకటే మోత."

చలమలో నీళ్ళు తాగి వచ్చేశాను. కానీ ఆమె ఊరుకునే మనిషి కాదు. ఎవరి చేతనో రాయించి ఆఫీసుకు ఒక అర్జీ పంపింది. దానికి వచ్చిన జవాబు తెచ్చి నా చేత చదివించుకుంది. నాకు ఇప్పటికీ గుర్తే.

"విషయము: తమరికి వినపడుటలేదను ఫిర్యాదు. పై విషయమును పరిశీలించడమైనది. గెయిన్ గత మాసము కంటే రెండున్నర రెట్లు పెరిగినట్లు రికార్డుల వలన రుజువగుచున్నది. తమరికి వినపడకపోవుట అనునది ఈ కార్యాలయము వారి కొలతల పరిధిలోనికి రాదు. కావున తమరు అభివృద్ధిని గుర్తించవలసినదిగా కోరడమైనది."

"అంటే ఏందంట?" అంది.

పెరిగిందంట, అన్నాను.

ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, కుదురుగా నిలబడని కుండ కిందకు తోసింది. కుండ నిలబడింది.

మా గెయిన్ సంగతి పై ఆఫీసులకు పాకింది. మిగతా తూముల దగ్గర లస్కర్లను జట్లుజట్లుగా నా దగ్గరికి శిక్షణకు పంపారు. మితభాషణ శిక్షణ అని దాని పేరు. పాతికేళ్ళలో నేను ఎవరికీ ఏదీ నేర్పింది లేదు. వాళ్ళు బెంచీ మీద వరసగా కూర్చుంటే నేను వాళ్ళ ఎదురుగా కూర్చునేవాణ్ణి. ఎవరం మాట్లాడేవాళ్ళం కాదు. గంటయ్యాక టీ వచ్చేది. శిక్షణ చాలా లోతుగా ఉన్నదని రిపోర్టు వెళ్ళింది.

పాపం బసవపున్నయ్య ఒక్కడే ఇబ్బంది పడ్డాడు. ఎగువ తూము దగ్గర లస్కరు. మైకు లేకపోయినా రెండూళ్ళకు వినపడే గొంతు. ఎంత మెల్లగా మాట్లాడదామన్నా లోపలి ముల్లు ఎనిమిది దగ్గర కొట్టుకునేది. బయట వంద. గెయిన్ పన్నెండున్నర. జిల్లాలో అందరికన్నా తక్కువ. అతని కేకకు దిగువన గేదెలు కూడా గట్టెక్కేవని నాకు తెలుసు, ఏ.ఈ. గారికీ తెలుసు. కానీ పన్నెండున్నర పన్నెండున్నరే. శాఖ అభివృద్ధికి తన కంఠం ద్వారా అవరోధం కలిగించాడని సంజాయిషీ అడిగి, ఆఫీసు రికార్డు గదిలో కూర్చోబెట్టారు. ఆ గదిలో కాగితాలు తప్ప వినేవాళ్ళు లేరు.

రెండోసారి నీళ్ళు వదిలినప్పుడు కూడా సైకిల్ మీద వెళ్ళాను. ఈసారి ఏ.ఈ. గారి కంటపడ్డాను. ఆయన కోప్పడలేదు. కూర్చోబెట్టి వివరంగా చెప్పారు. మైకు ఉండగా మనిషి స్వయంగా వెళ్ళి చెప్పడం మైకు మీద అవిశ్వాసం ప్రకటించడమేననీ, ఇకమీదట విధి నిర్వహణ సమయంలో మైకుకు రెండు గజాల లోపే ఉండాలనీ సైకిలు తాళంచెవి తీసుకున్నారు.

మైకు రాకముందు మా గేట్ల దగ్గర ఒక రైలుపట్టా ముక్క వేలాడదీసి ఉండేది. నీళ్ళు వదిలే ముందు దాన్ని సుత్తితో కొట్టేవాళ్ళం. అది ఇంకా అక్కడే ఉంది, తుప్పుపట్టి. మూడోసారి నీళ్ళు వదిలినప్పుడు మైకులో గుసగుస చెప్పి, వెంటనే లేచి పట్టాను పదిసార్లు కొట్టాను. రెండు గజాల లోపే ఉంది కాబట్టి ఉత్తర్వు మీరలేదు. ఇసకలో మస్తానమ్మ లేచి నిలబడటం ఇక్కడి నుంచి కనపడింది.

మీటరులో కూడా కనపడింది. పట్టా చప్పుడు మైకులోకి పోయి లోపలి ముల్లు చివరిదాకా ఎగిరింది. ఆ వారం గెయిన్ ఒక్కసారిగా పదకొండుకు పడింది. మూడోనాడు ఇద్దరు మనుషులు వచ్చి పట్టాను దింపి, అనధికార శబ్ద పరికరము అని చీటీ అంటించి, లారీలో వేసుకుపోయారు. సుత్తికి వేరే చీటీ అంటించారు.

ఆ మరుసటి వారం మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకుని చెప్పమన్నారు. లోపల పావు, బయట ఇరవై రెండున్నర. గెయిన్ తొంభై. ఆ తర్వాత గోడ వైపు తిరిగి మనసులో అనుకోమన్నారు. పెదవులు కదిలితే చాలన్నారు. ఈలోగా కండెన్సర్ ఫైలు తిరిగొచ్చింది. గెయిన్ ఇప్పటికే గణనీయంగా పెరిగి ఉన్నందున గెయిన్ పెంచుటకు ఏ విధమైన చర్యయు అవసరం లేదని దాని మీద రాశారు.

జిలానీకి ఆ కాగితం చూపించాను. చదివి, జేబు తడుముకున్నాడు. కండెన్సర్ ఇంకా ఆ జేబులోనే ఉంది.

మే నెల ఆఖరు వారంలో పెద్ద ఇంజినీరు గారు తనిఖీకి వస్తున్నారని తెలిసింది. అది తనిఖీ మాత్రమే, నీళ్ళు వదిలేది లేదని ఏ.ఈ. గారు కచ్చితంగా చెప్పారు. ఆ ధైర్యంతోనే నేను మస్తానమ్మకు ఆ రోజు సంగతి ఏమీ చెప్పలేదు. ఆ రోజే ఆమె తొలి కోత. గేటు మీద నుంచి చూస్తే ఇసకలో కాయలు పచ్చగా, అక్కడక్కడ పసుపుగా కుప్పలు పోసి కనపడుతున్నాయి. సింగయ్య వంగి తెంపుతున్నాడు. ఆమె తట్టల్లోకి ఎత్తుతోంది. మేక కట్టేసి ఉంది.

పెద్ద మనిషి వస్తున్నాడు కాబట్టి పెట్టెలో దుమ్ము దులపాలని లక్కముద్ర తీయించి జిలానీని పిలిపించారు. అతను బుద్ధిగా దుమ్ము దులిపాడు. దులుపుతూ జేబులోది తీసి రెండు చుక్కలు టంకం వేసి అంటించాడు. ఏ.ఈ. గారు పక్కనే ఉన్నారు. పొగ వస్తోందేమిటని అడిగారు. దుమ్ము కాలుతోంది సార్ అన్నాడు. మూత పెట్టి స్విచ్ వేస్తే హారన్లలో మోత ముందు కంటే మూడింతలు లేచింది. స్తంభం మీద కాకులు ఎగిరిపోయాయి. ఏ.ఈ. గారు ముల్లు చూసి సంతోషించారు. వెలుపలి శబ్దము అరవై.

పెద్ద ఇంజినీరు గారు తెల్లగా, నెమ్మదిగా ఉన్నారు. దండ వేసుకుని, మీటరు ముందు కుర్చీలో కూర్చున్నారు. నన్ను మైకు ముందు నిలబెట్టారు. ఏ.ఈ. గారు ముందే చెప్పి ఉన్నారు: ఈ రోజు మనసులో కూడా ఏమీ అనుకోవద్దు. నేను నిలబడ్డాను. గాలి లేదు. గదిలో ఎవరూ కదల్లేదు. లోపలి ముల్లు సున్నా మీద నిలిచింది. బయటి ముల్లు అరవై మీద ఉంది.

ఏ.ఈ. గారు ఫోను తీసి అరవైని సున్నాతో భాగించారు. ఫోను ఆ లెక్క చెయ్యనంది. ఇంకోసారి చేశారు. మళ్ళీ చెయ్యనంది. ఆయన ఫోనును పెద్ద ఇంజినీరు గారికి రెండు చేతులతో అందించారు.

"ఇది అంకెలకు అందే స్థితిని దాటినది సార్. దీనిని అనంతముగా పరిగణించవలసి ఉంటుంది."

పెద్ద ఇంజినీరు గారి కళ్ళు చెమర్చాయి. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఏ శాఖలోనూ ఏ విషయంలోనూ అనంతం సాధించగా చూడలేదన్నారు. రిజిస్టర్లో గెయిన్ అనే గడిలో అడ్డం పడుకున్న ఎనిమిది లాంటి గుర్తు వేసి, పక్కన సంతకం పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టబోయి, మీటరు గుర్తొచ్చి, చేతులు తగలకుండా ఆడించారు.

అప్పుడు పెద్ద ఇంజినీరు గారికి ఒక ఆలోచన వచ్చింది. ఇప్పుడు ఇక్కడి నుంచి వెళ్ళినది ఒక హెచ్చరికే కదా అని అడిగారు. హెచ్చరికే అన్నారు ఏ.ఈ. గారు. మామూలు హెచ్చరికా?

"అనంతమైన హెచ్చరిక సార్."

"అంతటి హెచ్చరిక జారీ అయిన తర్వాత నీరు విడుదల చేయకుంటే అది వృథా వ్యయం కిందికి రాదా?"

ఏ.ఈ. గారు ఒక్క క్షణం ఆలోచించారు. వచ్చే ప్రమాదమున్నదని ఒప్పుకున్నారు. పెద్ద ఇంజినీరు గారు దండతోనే లేచి, తన చేతుల మీదుగా విడుదల జరగాలని చక్రం దగ్గరికి నడిచారు. ఎగువన వారం రోజులుగా వానలు. గేట్ల వెనక నీళ్ళు నిండుగా ఉన్నాయి. నేను ఏ.ఈ. గారి దగ్గరికి వెళ్ళి ఇసకలో మనుషులున్నారని చెప్పాను. ఆయన చూశారు. తట్ట నెత్తిన పెట్టుకున్న మస్తానమ్మ ఆయనకూ కనపడింది. ముఖం వాడిపోయింది.

"వారికి హెచ్చరిక జారీ అయినది కదా పేరయ్యా," అన్నారు. చాలా మెల్లగా అన్నారు. ఆయనకే వినపడనంత మెల్లగా.

చక్రం తిరగడం మొదలైంది. ఒక చుట్టు. రెండు. నీళ్ళు అక్కడికి చేరడానికి పావుగంట పడుతుంది. సైకిలుకు తాళం. పట్టా లేదు. నేను మైకు దగ్గరికి వెళ్ళాను. నెలన్నరగా దాంట్లో సరిగా మాట్లాడింది లేదు. గొంతు సవరించుకుంటేనే హారన్లు ఉరిమినట్టు దగ్గాయి.

"మస్తానమ్మా. నీళ్ళొస్తన్నయి. గట్టెక్కండి."

నా గొంతు నాకే కొత్తగా ఉంది. నీళ్ళ మీద నుంచి ఇసక మీదికి, అవతలి గట్టు తాకి మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. మూడుసార్లు చెప్పాను. కొంగలన్నీ లేచాయి. ఇసకలో మస్తానమ్మ తట్ట దించి, ఇటు చూసి, ఒక చెయ్యి పైకెత్తింది. తర్వాత ఇద్దరూ తట్టలు మోస్తూ గట్టుకు పరిగెత్తడం, మళ్ళీ రావడం, మళ్ళీ పరిగెత్తడం, చివరికి సింగయ్య మేకను భుజాన వేసుకుని ఎక్కడం గేటు మీద నుంచి చూశాను. వాళ్ళు ఎక్కాక నీళ్ళు వచ్చాయి. కొన్ని తీగలు, గుడిసె మూల ఒకటి కొట్టుకుపోయాయి. కాయలు చాలావరకు దక్కాయి.

వెనక్కి తిరిగితే అందరూ మీటరు చుట్టూ నిలబడి ఉన్నారు, చావు జరిగిన ఇంట్లో లాగా. లోపల ఆరు. బయట రెండు వందల నలభై. ఏ.ఈ. గారు భాగహారం చేశారు. ఫోను ఈసారి ఏ పేచీ పెట్టకుండా చెప్పింది. నలభై.

మొదటి రోజు పెట్టుకున్న లక్ష్యం అదే. ఆ సంగతి ఎవరికీ గుర్తు లేదు. ఇరవై ఉన్నది నలభై అయినట్టు కాదు, అనంతం నుంచి నలభైకి పడిపోయినట్టు రిజిస్టర్లోకి ఎక్కింది. పెద్ద ఇంజినీరు గారు దండ తీసి కుర్చీ వీపుకు తగిలించి జీపెక్కారు.

నాకు మెమో వచ్చింది. శాఖ సాధించిన అనంతమును ఉద్దేశపూర్వకముగా అంతము చేసినందుకు తమరిపై ఎందుకు చర్య తీసుకోరాదో తెలపాలని. వినపడాలని చెప్పాను, అని ఒక ముక్క రాసి పంపాను. సంజాయిషీ క్లుప్తంగా ఉన్నప్పటికీ సంతృప్తికరంగా లేదని మూడు నెలలు సస్పెండు చేశారు. ఉత్తర్వు ఇవ్వడానికి ఏ.ఈ. గారే వచ్చారు. సైకిలు తాళంచెవి కూడా తిరిగి ఇచ్చారు. కిటికీలో ఎండిపోయి ఉన్న కాయను చూసి, ఇదేమిటని అడిగారు. కొలతకు పెట్టుకున్నానన్నాను. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూసి, మళ్ళీ అక్కడే పెట్టారు.

ఇకమీదట ప్రకటన అనే పని ఎవరికీ అప్పగించకుండా ఉంచడమే గెయిన్‌కు శాశ్వత రక్షణ అని పై ఆఫీసు తేల్చింది. మైకును మాత్రం పగలూ రాత్రీ ఆన్ చేసి ఉంచాలి. సోమవారం సోమవారం, గేట్లు కదలని వేళ చూసి రీడింగు తీసుకుంటారు. ప్రతి సోమవారం అనంతమే. ఇక్కడ అనంతం సాధించడమైనదని స్తంభానికి రాతిపలక కూడా వేశారు. గేట్లు తిప్పడానికి రికార్డు గదిలో నుంచి బసవపున్నయ్యను పంపారు, గేటు గదిలో నోరు తెరవనని కాగితం రాయించుకుని.

చక్రం అప్పగిస్తూ అతనికి గ్రీజు డబ్బా ఎక్కడుందో చూపించాను. తర్వాత ఆ డబ్బా తీసి నా సైకిలుకు తగిలించుకున్నాను.

"గ్రీజు పెట్టమాక," అన్నాను.

అతను నన్ను చూశాడు, చక్రం పళ్ళు చూశాడు, పక్కనే రెండు గజాల్లో ఉన్న మైకును చూశాడు. నోరు తెరవనని రాసిచ్చాడు కాబట్టి తల ఊపాడు.

గ్రీజు లేని ఇనప పళ్ళు తిరిగితే వచ్చే చప్పుడు విన్నవాళ్ళకు తెలుసు. అది మైకులో పడి, జిలానీ వేసిన కండెన్సర్ దాటి, హారన్ల నుంచి బయటికి వస్తే చెవులు మూసుకున్నా వినపడుతుంది. జూన్ మొదటి వారంలో నీళ్ళు వదిలారు. చక్రం సగం చుట్టు తిరిగే సరికే ఇసకలో ఉన్నవాళ్ళంతా గట్టు మీద ఉన్నారు. సోమవారం మీటరుకు మాత్రం చిన్న చప్పుడు కూడా దొరకలేదు.

ఆఖరి కోత రోజున మస్తానమ్మ నన్నూ జిలానీనీ అన్నానికి పిలిచింది. తిరిగి కట్టిన గుడిసె నీడలో విస్తర్లు వేసింది. జొన్న సంగటి, ఏటి చేపల పులుసు. మధ్యలో కోసి పెట్టిన కర్బూజ. కుండ కింద ఆఫీసు కాగితం ఇంకా ఉంది. నేను కూర్చున్నాను, జిలానీ కూర్చున్నాడు, సింగయ్య కూర్చున్నాడు. ఆమె వడ్డించి, తానూ ఒక విస్తరి ముందు కూర్చుంది.

గేట్ల వైపు నుంచి జుమ్మనే మోత ఒకటే వస్తోంది, సమంగా, ఎడతెగకుండా. నలుగురం అటు ఒక చెవి పెట్టి తిన్నాం. చక్రం చప్పుడు రాలేదు. ఎవరం లేవలేదు.